పవర్ సప్లై వెనుక మనిషి – మైకేల్ ఫారడే

గురజాడవారి మీద, గిడుగువారి మీద, ఆదిభట్లవారి మీద రాయగలవాళ్ళు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామందే ఉన్నారు. వార్షిక సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసిమ్మని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు నాకు మాత్రం లండనులో పుట్టిన ఒక కమ్మరి కొడుకు గుర్తొచ్చాడు. మేం చదువుకునే రోజుల్లో చేసిన ఒక తప్పు మాకు పూర్తిగా అర్థమైంది ఆయన జీవితం చదివాకే. కాబట్టి ముందు ఆ తప్పు చెప్పుకుని, తర్వాత ఆయన దగ్గరికి వస్తాను.

1980ల నాటి మాట. కళాశాలలో మేం నలుగురం కలిసి ఒక పాత సామాన్ల గదిని రికార్డింగు గదిగా మార్చాం. గోడలకు గోనెపట్టాలు, కిటికీకి పాత పరుపు. లోపల ఒక టేప్ రికార్డరు, రెండు మైకులు, మా చేతులతో మేమే సోల్డరింగు చేసుకున్న చిన్న మిక్సరు. మిక్సరుకి అటు 15 వోల్టులు, ఇటు 15 వోల్టులు కావాలి. బజారులో దొరికిన 15-0-15 ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, రెండు కెపాసిటర్లు, రెండు రెగ్యులేటరు ఐసీలు తెచ్చి, అన్నీ మిక్సరు డబ్బాలోనే బిగించి పవర్ సప్లై అయిందనిపించాం. మా దృష్టంతా మైకుల మీద, మిక్సరు మీద ఉంది. సప్లై సంగతి ఎవరికి కావాలి?

పాలకొండ వైపు నుంచి జముకుల కథ చెప్పే ఒక తాతగారిని బతిమాలి తీసుకొచ్చాం. సాయంత్రం మొదలుపెట్టి రెండు గంటలసేపు కథ చెప్పారాయన. ఎంత బాగా చెప్పారో! ఆయన్ని బస్సెక్కించి వచ్చి టేపు వెనక్కి తిప్పి విన్నాం. గొంతు వెనకాల మొదటినుంచి చివరిదాకా గుయ్‌మని ఒకటే రొద. దీపాలు పెట్టే వేళకి ఊళ్ళో వోల్టేజి పడిపోయేకొద్దీ ఆ రొద ఇంకా పెరిగింది. జముకు నాదం ఉండేది కూడా ఆ కింది స్థాయిలోనే. ఫిల్టరు పెట్టి రొదని కోస్తే జముకూ తెగిపోతుంది. సరే, మంచి సప్లై కట్టి మళ్ళీ పిలుద్దామనుకున్నాం. మేం కట్టేసరికి ఏడాది పట్టింది. ఆ లోపల తాతగారు కాలం చేశారు.

మా ఫిజిక్సు మేష్టారు మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. లైబ్రరీలోంచి ఫారడే జీవిత చరిత్ర తెచ్చి చేతిలో పెట్టి, ఇది పూర్తిచేశాకే సోల్డరింగు ఐరన్ ముట్టుకోమన్నారు. పరీక్షకు రాని పుస్తకం మాకెందుకా అని గొణుక్కుంటూనే చదివాం.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను శివారు న్యూయింగ్టన్ బట్స్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తర ఇంగ్లండు పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. ఒంట్లో బాగుండక కొలిమి దగ్గర నిలబడలేని రోజులే ఎక్కువ. ఇంట్లో నలుగురు పిల్లలు. 1801లో ధరలు మండిపోయినప్పుడు ఈ కుర్రవాడికి ఒక రొట్టె ఇచ్చి వారమంతా సరిపెట్టుకోమనాల్సి వచ్చింది. చదువంటారా, చదవడం, రాయడం, కాసిని లెక్కలు. అంతకుమించి బడి ముఖం చూడలేదు.

1804లో బ్లాండ్‌ఫర్డ్ వీధిలో పుస్తకాలమ్మి బైండింగు చేసే జార్జ్ రీబో దుకాణంలో చేరాడు. వార్తాపత్రికలు ఇళ్ళకి చదవడానికిచ్చి, తిరిగి తెచ్చుకోవడం మొదటి పని. మరుసటి ఏడు రీబో అతన్ని ఏడేళ్ళ ఒప్పందం మీద బైండింగు పనిలో పెట్టుకున్నాడు. కుర్రవాడి నడవడి చూసి ముచ్చటపడి, పని నేర్పినందుకు తీసుకోవలసిన రుసుము కూడా వద్దన్నాడు.

మామూలు కుర్రవాడైతే పుస్తకాలకు అట్టలు కట్టి ఊరుకునేవాడు. ఇతను కట్టే పుస్తకాలన్నీ చదివాడు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం, జేన్ మార్సెట్ అనే ఆమె మామూలు జనం కోసం సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్ర పుస్తకం అతని కళ్ళు తెరిపించాయి. చదివినదాన్ని అలాగే నమ్మలేదు. చేతిలో ఉన్న నాలుగు కాసులతో సామాను కొని, చేయగలిగిన ప్రయోగమల్లా చేసి చూసుకున్నాడు. సాయంత్రాలు ఊళ్ళో జరిగే సైన్సు ఉపన్యాసాలకు వెళ్ళేవాడు. ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగు. ఆ షిల్లింగు కమ్మరి పనిచేసే అన్న రాబర్టు ఇచ్చేవాడు. తాను చదువు మానేసి తమ్ముణ్ణి చదివించే అన్నలు మన పల్లెల్లోనూ ఉన్నారు కదా!

1812లో అతను తన మొదటి బ్యాటరీ కట్టుకున్నాడు. జింకు రేకుని అర్ధపెన్నీ నాణెమంత బిళ్ళలుగా ఏడింటిని తన చేత్తోనే కత్తిరించాడు. వాటికి జోడీగా ఏడు రాగి అర్ధపెన్నీలు. మధ్య మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన కాగితం ముక్కలు. ఆ దొంతర నుంచి వచ్చిన కరెంటుతో మెగ్నీషియం సల్ఫేటు ద్రావణాన్ని విడగొట్టాడు. చూడండి, ప్రపంచానికి జనరేటరు ఇచ్చినవాడి మొదటి పవర్ సప్లై ఖర్చు ఏడు అర్ధపెన్నీలూ కాస్త జింకు రేకూను.

ఆ ఏడే రీబో దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చే నాలుగు ఉపన్యాసాలకు టిక్కెట్లిచ్చాడు. డేవీ అప్పట్లో ఇంగ్లండులోకెల్లా పేరున్న రసాయనవేత్త. ఫారడే విన్నదంతా రాసుకుని, బొమ్మలు గీసి, దాదాపు మూడు వందల పుటల పుస్తకంగా తన చేత్తో బైండు చేసి, ఏదైనా పని ఇప్పించమని డేవీకి పంపాడు. నేర్చిన చేతిపని ఊరికే పోదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? 1813 మార్చి 1న ప్రయోగశాలలో సహాయకుడి ఉద్యోగం వచ్చింది. వారానికి ఒక గినీ జీతం, మేడమీద రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు.

అదే ఏడు అక్టోబరులో డేవీ దంపతులు యూరపు పర్యటనకు బయల్దేరుతూ ఫారడేని వెంట తీసుకెళ్ళారు. పేరుకి సహాయకుడు. డేవీ వ్యక్తిగత నౌకరు రానందువల్ల ఆ పనులు కూడా ఇతని నెత్తిన పడ్డాయి. డేవీ భార్య ఇతన్ని పనివాడిలాగే చూసింది. ఒక దశలో అన్నీ వదిలేసి మళ్ళీ బైండింగు పనికి పోదామనుకున్నాడు. కానీ ఆ ఏడాదిన్నరలో పారిస్‌లో ఆంపియర్‌ని, మిలాన్‌లో ముసలి వోల్టాని చూశాడు. మనం రోజూ పలికే ఆంపియర్లు, వోల్టులు ఆ మనుషుల పేర్లే. అవమానం దిగమింగుకుని చదువు దక్కించుకున్నాడు.

1821లో సారా బర్నార్డ్‌ని పెళ్ళాడాడు. పిల్లలు లేరు. ఇద్దరూ ఒకే చిన్న క్రైస్తవ సమాజానికి చెందినవారు. ఆ సెప్టెంబరులో, పాదరసంలో నిలిపిన అయస్కాంతం చుట్టూ కరెంటు తీగ తిరిగేలా చేశాడు. విద్యుత్తుతో తిరిగే మోటారుకు అది మూలం. కానీ దాన్ని ప్రకటించేటప్పుడు అదే విషయం మీద అంతకుముందు ఆలోచించిన వోలస్టన్ పేరు చెప్పలేదు. దాంతో పరుల ఆలోచన దొంగిలించాడన్న నింద మీదపడింది. 1824 జనవరిలో రాయల్ సొసైటీ సభ్యత్వానికి పేరు వచ్చినప్పుడు, ఒకప్పుడు చేరదీసిన డేవీయే వ్యతిరేకించాడు. ఓట్ల పెట్టెలో వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటే. ఫారడే గెలిచాడు, కానీ గురువు మీద జీవితంలో ఎన్నడూ చెడు మాట అనలేదు.

ఇక అసలు ఘట్టం. కరెంటు తీగ అయస్కాంతంలా పనిచేస్తున్నప్పుడు, అయస్కాంతం నుంచి కరెంటు ఎందుకు రాకూడదు? ఈ ప్రశ్నని ఆయన పదేళ్ళపాటు మనసులో పెట్టుకున్నాడు. వెతికినవాళ్ళు ఇంకా ఉన్నారు. 1825లో జెనీవాలో కొల్లడాన్ అనే ఆయన తీగచుట్టలో అయస్కాంతం దూర్చి చూశాడు. అయస్కాంతం తన మీటరుని కదిలిస్తుందేమోనని మీటరుని వేరే గదిలో పెట్టుకున్నాడు. ఇక్కడ అయస్కాంతం దూర్చి ఆ గదిలోకి నడిచి వెళ్ళేసరికి ముల్లు ఊగి ఆగిపోయి ఉండేది. పాపం, కొన్ని అడుగుల నడకలో గొప్ప సత్యం జారిపోయింది.

ఫారడే ఆరు అంగుళాల వ్యాసం గల మెత్తటి ఇనుప కమ్మీ రింగు ఒకటి చేయించాడు. ఒక పక్క ఒక్కొక్కటి 24 అడుగుల రాగితీగలు మూడు, రెండో పక్క మొత్తం 60 అడుగుల తీగ చుట్టాడు. ఎనామెల్ తీగలు దొరికే కాలం కాదు. చుట్టుకీ చుట్టుకీ మధ్య పురికొస, పొరకీ పొరకీ మధ్య నూలుగుడ్డ వేసుకున్నాడు. బైండింగు నేర్చిన వేళ్ళు కదా, ఆ పని ఆయనకు కొత్త కాదు. 1831 ఆగస్టు 29న ఒక పక్క తీగని బ్యాటరీకి కలిపితే, రెండో పక్క తీగ కింద ఉంచిన అయస్కాంత సూది ఒక్కసారి ఊగి మళ్ళీ మామూలుగా నిలిచింది. బ్యాటరీ తీసేస్తే ఎదురు దిక్కుకి ఊగింది. మధ్యలో కరెంటు నిలకడగా పోతున్నంతసేపూ సూదిలో చలనం లేదు. అన్నట్టు ఆ తేదీ మనవాళ్ళకి బాగా తెలిసినదే. సరిగ్గా ముప్ఫై రెండేళ్ళకి, 1863 ఆగస్టు 29న, మన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టారు.

ఆ సూది ఊపులో ఉన్న అర్థాన్ని ఆయన పట్టుకున్నాడు. అయస్కాంత బలం ఉంటే చాలదు, అది మారుతూ ఉండాలి. మార్పులోంచే కరెంటు పుడుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మరుకి బ్యాటరీ పనికిరాదు, దిక్కు మార్చుకునే మెయిన్స్ కరెంటు కావాలి. అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి తీస్తూ కరెంటు పుట్టించాడు. అదే నెల 28న పెద్ద అయస్కాంతం కొసల మధ్య రాగి పళ్ళెం తిప్పి, తిరిగినంతసేపూ ఆగని కరెంటు తెచ్చాడు. మాచ్‌ఖండ్ జలపాతం దగ్గర తిరిగే జనరేటర్లకు ఆ పళ్ళెమే ముత్తాత. ఆ రింగు నుంచి వాడుకలోకి వచ్చే ట్రాన్స్‌ఫార్మరు తయారవడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. 1885లో బుడాపెస్టులో ముగ్గురు ఇంజనీర్లు దాన్ని సాధించారు. ఫారడే రింగుని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రంగా ఉంచారు.

ఇక్కడిదాకా చదివేసరికి మా మిక్సరు రొగ్మతలో సగం తెలిసిపోయింది. ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ అయస్కాంత బలం సెకనుకి యాభై ఆవృత్తాలు మారుతూ ఉంటుంది. పక్కనే ఉన్న మైకు తీగ కూడా ఒక తీగే. ఫారడే సూత్రం దానికీ వర్తిస్తుంది. మాకు కరెంటిచ్చిన సూత్రమే రొదని కూడా ఇచ్చింది! ట్రాన్స్‌ఫార్మరుని మిక్సరు డబ్బాలోనే పెట్టుకోవడం మేం చేసిన మొదటి తప్పు.

1831 తర్వాత ఫారడే కావాలనుకుంటే లక్షాధికారి కాగలిగేవాడే. కంపెనీలకు పరీక్షలు చేసిపెడితే డబ్బు వచ్చే రోజులు. ఆ పనుల్ని తగ్గించుకుంటూ వచ్చి, కాలాన్ని ప్రయోగాలకు దాచుకున్నాడు. 1835లో ప్రభుత్వ పింఛను విషయమై పిలిపించిన ప్రధాని మెల్‌బోర్న్ చులకనగా మాట్లాడితే, పింఛనే వద్దని లేచి వచ్చేశాడు. ప్రధాని క్షమాపణ చెప్పుకున్నాకే ఏడాదికి మూడు వందల పౌండ్లు ఒప్పుకున్నాడు. లేమిలో పెరిగినవాడు డబ్బు ముందు తల వంచకపోవడం చిన్న సంగతి కాదు.

ఆ దశాబ్దంలో ఆయన చేసిన పనులు ఒకసారి వరుసగా చూడండి. 1833లో సిల్వర్ సల్ఫైడుని వేడిచేస్తే, లోహాలకు విరుద్ధంగా, కరెంటు ఇంకా బాగా పారుతుందని గమనించాడు. అర్ధవాహకాల లక్షణాన్ని నమోదు చేసిన తొలి పరిశీలన అది. మన డయోడ్లూ ఐసీలూ ఆ జాతివే. అప్పట్లోనే విద్యుద్విశ్లేషణ నియమాలు రాబట్టాడు. విలియం హ్యూవెల్ అనే పండితుడి సాయంతో ఆనోడు, కాథోడు, అయాను వంటి మాటలు తెచ్చాడు. 1836లో పన్నెండు అడుగుల పెట్టెగదికి లోహపు పొర చుట్టించి, దానికి బయటినుంచి బ్రహ్మాండమైన విద్యుదావేశం ఎక్కించి, తాను పరికరాలతో లోపల కూర్చున్నాడు. బయట నిప్పురవ్వలు ఎగురుతుంటే లోపల ఆవగింజంత ప్రభావం కూడా కనిపించలేదు. మైకు తీగ మీద అల్లిన రాగి తొడుగు, మిక్సరుకి వేసే లోహపు డబ్బా ఆ పెట్టెగదికి మనవలు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ తొడుగు విద్యుత్ బలాన్ని ఆపుతుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే యాభై హెర్ట్జ్ అయస్కాంత బలాన్ని మాత్రం అంతగా ఆపలేదు. దానికి దూరమే మందు, జంట తీగల్ని మెలిపెట్టడమే మందు.

1837లో ఒక లోహపు గోళంలో మరో గోళం పెట్టి, మధ్య ఖాళీలో గంధకం, లక్క, గాజు వంటివి నింపి చూశాడు. గాలి ఉన్నప్పటికన్నా ఎక్కువ ఆవేశం పట్టింది. మధ్యనున్న విద్యుద్రోధకం ఊరికే అడ్డుగోడ కాదు, దానికీ పని ఉందని తేలింది. కెపాసిటరు కొలతకు ఫారడు అనే పేరు వచ్చింది ఆయన గౌరవార్థమే. అది ఎంత పెద్ద కొలతంటే, మనం మామూలుగా వాడేవి అందులో పదిలక్షల వంతులైన మైక్రోఫారడులు.

మనం పవర్ సప్లై అంటున్న డబ్బాలో మొదట ట్రాన్స్‌ఫార్మరు, తర్వాత డయోడ్లు, తర్వాత కెపాసిటర్లు, ఆపైన లోహపు తొడుగు. అన్నిట్లోనూ ఆ కమ్మరి కొడుకు చెయ్యి ఉంది. కానీ పాట బాగుందంటే గాయకుణ్ణి మెచ్చుకుంటాం, మైకుని మెచ్చుకుంటాం. పవర్ సప్లైని మెచ్చుకున్నవాడు లేడు. అది బాగా పనిచేస్తోందనడానికి గుర్తే అది వినపడకపోవడం.

ఫారడేకి గణితం రాదు. చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు కూడా. అయస్కాంతం చుట్టూ ఇనుపరజను ఏర్పరచే గీతలు చూసి, ఖాళీ అనుకునే చోటంతా బలరేఖలు నిండి ఉన్నాయని ఊహించాడు. పెద్ద పెద్ద గణితవేత్తలు అదేదో బొమ్మల భాష అనుకున్నారు. 1850ల మధ్యలో మాక్స్‌వెల్ అనే యువకుడు ఆ బలరేఖలకు గణితరూపం ఇవ్వడం మొదలుపెట్టాడు. ఫారడే సంతోషించాడు, కానీ సమీకరణాల్లో చెప్పినదాన్ని మామూలు మాటల్లో కూడా చెబితే తనలాంటివాళ్ళు పరీక్షించి చూడగలరు కదా అని అతనికి రాశాడు. చివరికి రేడియో తరంగాల సిద్ధాంతం ఆ ఇద్దరి పనిలోంచే వచ్చింది. లెక్కలంటే భయమని సైన్సుకి దూరమయ్యే తెలుగు మీడియం పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. లెక్కలు అక్కర్లేదని కాదు. చూసే కన్ను, చేసే చెయ్యి ఉంటే మొదలుపెట్టడానికి ఏదీ అడ్డు కాదని.

చెప్పడంలో కూడా ఆయన అందరిలాంటివాడు కాదు. 1827 నుంచి 1860 దాకా పిల్లల కోసం పంతొమ్మిదిసార్లు క్రిస్మస్ ఉపన్యాసాలిచ్చాడు. ఒక కొవ్వొత్తి వెలిగించి, అందులోంచి రసాయనశాస్త్రం మొత్తం విప్పి చూపించిన ఉపన్యాసాలు 1861లో పుస్తకంగా వచ్చాయి. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని మన గిడుగు పంతులుగారు పోరాడితే, ఆయనకు ముందే అక్కడ ఫారడే తన బల్ల ముందు నిలబడి ఆ పనే చేసి చూపించాడు.

1839 నుంచి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. తల తిరగడం, మరుపు. 1841లో చాలాకాలం స్విట్జర్లాండులో విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. కోలుకుని 1845లో అయస్కాంత బలం కాంతి మీద కూడా పనిచేస్తుందని కనుగొన్నాడు గానీ, జ్ఞాపకం మాత్రం మళ్ళీ మునుపటిలా కాలేదు. అలాంటి మనిషిని చివరిదాకా నిలబెట్టింది ఆయన నోటుపుస్తకమే. చేసిన ప్రతి ప్రయోగానికీ వరుసగా పేరా అంకె వేసి రాసుకునేవాడు. ఆ అంకెలు పదహారు వేలు దాటాయి. అందులో విఫలమైన ప్రయోగాలకూ సమానంగా చోటుంది. తల మరిచిపోయినదాన్ని కాగితం దాచిపెట్టింది.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నాడు. పేరు ముందు బిరుదు తగిలించుకోలేదు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు దగ్గర ఇచ్చిన ఇంట్లో చివరి రోజులు గడిపి, 1867 ఆగస్టు 25న కుర్చీలో కూర్చునే ప్రాణం విడిచాడు. హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి రాయి మీద పేరు, తేదీలు తప్ప గొప్పలేమీ చెక్కలేదు.

పుస్తకం ముగించి, మేం మళ్ళీ పనిలో దిగాం. ఈసారి ఫారడే పద్ధతిలో ప్రతి అడుగూ నోటుపుస్తకంలో రాసుకున్నాం. మొదట తెలిసింది వోల్టేజి లెక్క. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు నుంచి శిఖరం దగ్గర 21 వోల్టులు వస్తాయి. మెయిన్స్ 230 ఉన్నప్పుడు సరే. సాయంత్రం 180కి పడిపోతే ఆ శిఖరం 16.6కి దిగుతుంది. డయోడు తన వంతు 0.7 తీసుకుంటుంది. రెగ్యులేటరు ఐసీ 15 ఇవ్వాలంటే తన నెత్తిమీద ఇంకో రెండు వోల్టులైనా ఉండాలి. అవి లేకపోతే అది చేతులెత్తేసి రొదని వదిలేస్తుంది. తాతగారు కథ చెప్పిన సాయంత్రం జరిగింది అదే. మా రెండో తప్పు.

మోటార్లు రీవైండింగు చేసే ఒక మేస్త్రిగారి దగ్గర 18-0-18 ట్రాన్స్‌ఫార్మరు చుట్టించాం. ఒక చదరపు అంగుళం కోరుకి వోల్టుకు ఏడున్నర చుట్లు చొప్పున, ప్రైమరీకి సుమారు 1,700, సెకండరీలో ఒక్కో సగానికి 140. ఆయన పొరకీ పొరకీ మధ్య నూలు టేపు వేసి చుడుతుంటే మాకు 1831 నాటి నూలుగుడ్డ గుర్తొచ్చింది. ఫారడే పేరు ఆయన ఎన్నడూ వినలేదట. కానీ ఆయన చేతులకు తెలుసు.

తర్వాత కెపాసిటరు. డయోడ్ల వంతెన దాటాక కరెంటు సెకనుకి వంద గుట్టల్లా వస్తుంది. గుట్టకీ గుట్టకీ మధ్య పల్లాన్ని నింపేది కెపాసిటరు. 0.1 ఆంపియరు వాడే మిక్సరుకి 1,000 మైక్రోఫారడులు పెడితే, సెకనులో నూరోవంతులో వోల్టేజి సుమారు ఒక వోల్టు జారుతుంది. 2,200 పెడితే అర వోల్టు కన్నా తక్కువ. ఆ మిగిలినదాన్ని రెగ్యులేటరు నునుపు చేస్తుంది. ఇవన్నీ వేరే ఇనుప డబ్బాలో పెట్టి, ఫ్యూజు, సరైన ఎర్తు ఇచ్చి, మిక్సరుకి నాలుగడుగుల దూరాన నేలమీద ఉంచాం. నునుపైన కరెంటు మాత్రమే మెలిపెట్టిన తీగలతో మిక్సరు దగ్గరికి వెళ్ళింది. మెయిన్స్ తీగలతో పని కాబట్టి మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు మేష్టారు పక్కనే నిలబడ్డారు. మైకులు తెరిచి, హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాం. ఏమీ వినిపించలేదు. గోడ మీద బల్లి అరుపు తప్ప.

ఆ సంతోషంలో ఉండగా మేష్టారు నెమ్మదిగా ఇంకో మాట చెప్పారు. ఆ రోజు మిక్సరుకి రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పెట్టినా ఈ రొద ఉండేది కాదని. ఏడు అర్ధపెన్నీల దొంతరలో రొద ఎక్కడిది? ఆ ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మేం నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

తాతగారి టేపు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ మధ్య కంప్యూటరులోకి ఎక్కించి రొదని చాలావరకు తగ్గించాం. పూర్తిగా పోలేదు. తగ్గించిన మేరకు జముకు కూడా కొంచెం పలచబడింది. కథ మాత్రం ఉంది.

విద్యార్థి మిత్రులారా! మీ చేతుల్లో ఉన్న సెల్‌ఫోను బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి మాకొచ్చిన కష్టం మీకు అంతగా రాకపోవచ్చు. అయినా కళాశాలలో ఒక మంచి రికార్డింగు గది కట్టుకునే రోజు వస్తే, మైకుల జాబితా రాసే ముందు పవర్ సప్లై సంగతి చూసుకోండి. జముకుల కథ, తప్పెటగుళ్ళు తెలిసిన పెద్దవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళు ఒకసారి పిలిస్తే వస్తారు. రెండోసారికి ఉంటారో లేదో ఎవరూ చెప్పలేరు.